చివర స్తోత్రం లేని కీర్తన

నా చిన్నప్పుడు మా పేటలో ఎవరైనా పోతే శోకాలు పెట్టి ఏడవడం తప్పు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు గానీ, అది పాత ఆచారమనీ, పునరుత్థానాన్ని నమ్మినవాళ్ళకు తగదనీ పెద్దలు చెప్పేవారు. మా నాన్న చర్చిలో సంఘ పెద్ద. ఆ మాట అందరికంటే గట్టిగా చెప్పేది ఆయనే. అలాంటి ఇంట్లో మా తమ్ముడు పోయాడు.

వాడికి అయిదేళ్ళు. నాకంటే మూడేళ్ళు చిన్న. జ్వరం తగ్గడం లేదని గుంటూరు తీసుకెళ్ళారు. దుప్పట్లో చుట్టి తీసుకొచ్చారు. అమ్మ గుమ్మంలో ఒక్క కేక పెట్టింది. నాన్న ఆమె భుజం పట్టుకుని, "ఊరుకోవే, నలుగురూ చూస్తున్నారు. మనమే ఇట్టా ఏడిస్తే మన నమ్మకం ఏమైనట్టు?" అన్నాడు. అంతే, అమ్మ నోరు మూతపడింది. మూడో రోజు, పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూటంలో తెల్లచీర కట్టుకుని నిలబడి, ఇచ్చిందీ దేవుడే, తీసుకుందీ ఆయనే, స్తోత్రం అని సాక్ష్యం చెప్పింది. ఎంత విశ్వాసమో ఆ తల్లికి అని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం భయమేసింది. ఆ గొంతు మా అమ్మది కాదు.

ఆ తర్వాత అమ్మకు ఉలుకూ పలుకూ లేదు. నాకు వడ్డించేది, తను కంచం ముందు కూర్చునేది, ముద్ద నోటిదాకా వెళ్ళేది కాదు. జాకెట్టు చేతులు వదులైపోయాయి. నాన్న రోజూ కుటుంబ ప్రార్థనలో ఏరి ఏరి స్తుతి కీర్తనలే నా చేత చదివించేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు తెలిసిన మందు అదొక్కటే. నేను చదువుతూ అమ్మ వైపు చూసేదాన్ని. తమ్ముడు పోయినట్టే అమ్మ కూడా పోతుందని నాకు అర్థమైపోయింది. ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు.

పనిలో పడితే సర్దుకుంటుందని నాన్న అమ్మను మిరప కళ్ళానికి పంపాడు. ఎండిన కాయల రాశి చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కన పోస్తారు. ఆ ఘాటుకు పమిట ముక్కుకు అడ్డం కట్టుకున్నా దగ్గు ఆగదు, కళ్ళూ ముక్కూ కారుతూనే ఉంటాయి. కళ్ళంలో కళ్ళు తుడుచుకోని మనిషి ఉండదు. అమ్మను ఒంటరిగా వదలడం ఇష్టం లేక నేనూ వెంట వెళ్ళాను.

మధ్యాహ్నం బైబిలమ్మగారు వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పి, ప్రార్థన చేసే పెద్దావిడ. మా ఇంటికి రెండుసార్లు వచ్చి, నాన్న ముందు ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు తిన్నగా వచ్చి అమ్మ పక్కన చతికిలబడింది.

"మీకెందుకండీ ఈ ఘాటు, దగ్గొచ్చి చస్తారు," అంది ఎవరో.

"చస్తే నువ్వే మొయ్యి," అని నవ్వి, తనూ కాయలు ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి అమ్మతో మెల్లగా, "ఇక్కడ అందరి కళ్ళల్లోనూ నీళ్ళేనమ్మా. నీకెందుకొచ్చాయని ఏ పెద్దా అడగడు," అంది. తర్వాత కాయలు ఏరుతూనే ఎనభై ఎనిమిదో కీర్తన చెప్పడం మొదలుపెట్టింది.

నాన్న నా చేత ఎన్నడూ చదివించని కీర్తన అది. పగలూ రాత్రీ మొరపెట్టుకుంటున్నా వినవేమని, ముఖం ఎందుకు దాచుకున్నావని, నా వాళ్ళను నాకు దూరం చేశావని ఒక మనిషి దేవుణ్ణి నిలదీస్తున్నాడు. ఇట్టా అడగొచ్చా? చివరికి స్తోత్రం వస్తుందిలే అని ఎదురుచూశాను. రాలేదు. చీకటే నాకు చుట్టమైందన్న మాట దగ్గర ఆవిడ ఆగిపోయింది.

అమ్మ తలెత్తింది. "అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"చివర స్తోత్రం లేదా?"

"లేదు. ఉండాలనుకుంటే దేవుడే పెట్టించేవాడు కదా."

అమ్మ చేతిలో కాయలు జారిపోయాయి. "నా బిడ్డను ఎందుకు తీసుకెళ్ళావయ్యా! నేనేం పాపం చేశాను!" అని ఆకాశంలోకి చూసి అరిచింది. కడుపుకోత అంటే ఏమిటో ఆ అరుపులో విన్నాను. కారం చేతులతోనే ముఖం రుద్దుకుంటూ, ఆ రాశి మీద పడి ఏడ్చింది. ఆడవాళ్ళందరూ పని వదిలేసి ఆమె చేతులు పట్టుకున్నారు. ఎవరూ ఊరుకోమనలేదు.

ఎవరో కబురు చెబితే నాన్న పరుగెత్తుకొచ్చాడు. నోరు తెరవబోయాడు. బైబిలమ్మగారు ఆయన్ను చూసి, "పెద్దయ్యా, మీక్కూడా కొడుకే కదా పోయింది," అంది. నాన్న అక్కడే నేల మీద కూర్చుని, తువ్వాలు ముఖానికి కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి నేనూ ఏడ్చాను. సాయంత్రం వాచిన కళ్ళతో అమ్మ అన్నం కలిపి నాకు పెట్టి, తనూ నాలుగు ముద్దలు తిన్నది. దుఃఖం తీరిందని కాదు. అది అమ్మతోనే సమాధికి వెళ్ళింది. కానీ అమ్మ మాకు దక్కింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. చీరాలలో ఉంటున్నాను. మొన్న వేసవిలో మా పెద్దమ్మాయి పోయింది. ఫోను నిండా వాట్సాప్‌లు, సూర్యోదయం బొమ్మలు, వాటి మీద వాక్యాలు, ధైర్యంగా ఉండమని సలహాలు. పంపినవాళ్ళు మంచివాళ్ళే, అయినా నాకు ఒళ్ళు మండింది. ఆదరణ కూటంలో కుర్ర పాస్టరుగారు నాకు మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమన్నాడు. నేను ఆ కీర్తన చదవమన్నాను. ఆయన తటపటాయించి, "అమ్మా, లైవ్ వెళ్తోందండి. కాస్త ఆదరణగా ఉండేది చదువుకుందామా?" అన్నాడు.

"నాకు ఆదరణ ఇదేనయ్యా. చదువు," అన్నాను.

పాపం, చదివాడు. చివరిమాట దగ్గర ఆయనే కళ్ళు తుడుచుకున్నాడు. నేను అందరి ముందూ నోరారా ఏడ్చాను.

రోజూ పొద్దున్నే లేచి, నా బిడ్డను ఎందుకు తీసుకెళ్ళావని దేవుణ్ణి అడుగుతాను. ఇంతవరకు జవాబు రాలేదు. కోపంతో అడుగుతాను, ఏడుస్తూ అడుగుతాను. కానీ అడిగేది ఆయన్నే.