అరవని కుక్కపిల్ల

కుక్క కావాలని మా అమ్మాయి ఏడాది పాటు నా ప్రాణం తోడేసింది. చివరికి సరేనన్నాను. బోనకల్‌లో మా వీధి చివర ఉండే రిటైరైన నర్సమ్మ, రోడ్డు మీద దొరికిన కుక్కపిల్లల్ని చేరదీసి, టీకాలు వేయించి, అడిగినవాళ్ళకు ఊరికే ఇస్తుంది. ముందు అక్కడికే వెళ్ళాం. మా నాన్న నేర్పిన పరీక్ష ఒకటుంది. కుక్కపిల్లను మెడ మీది తోలు పట్టి పైకెత్తాలి. కుయ్యిమంటే పిరికిది, నోరెత్తకపోతే గట్టిది. మా వైపు చాలామంది ఇలాగే చూస్తారు. నేనెత్తిన నల్లపిల్ల వీధంతా వినపడేలా గోల పెట్టింది.

"మంచిగ తింటది సార్, రోగం గీగం ఏం లేదు," అంది నర్సమ్మ. మా అమ్మాయి అప్పటికే దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంత పిరికిది కాపలా ఏం కాస్తది? ఊరకుక్క ఊరకుక్కే," అని లాక్కుని కింద దింపేశాను. ఆవిడ ముందే అన్నాను ఆ మాట. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మర్నాడు ముదిగొండ దగ్గర లాబ్రడార్ పిల్లల్ని పెంచి అమ్మే అతని ఇంటికి ఒక్కణ్ణే పోయాను. ఆరింటినీ ఎత్తి చూశాను. ఐదు అరిచాయి. మూలన పడుకున్నది మాత్రం కిక్కురుమనలేదు.

"అది వద్దు సార్. నిన్నటి సంది పాలు ముడ్తలేదు, డాక్టర్‌కు చూపియ్యాలె. ఇంకోటి తీస్కపోండ్రి," అన్నాడతను.

మంచిదాన్ని ఇంకెవరికో దాచుకుంటున్నాడనుకున్నాను. "గిట్ల చెప్తె వదిలేస్తననుకున్నవా? నాకు తెల్వదా ఏంది?" అని దబాయించి దాన్నే తెచ్చాను.

రెండో రోజు నెత్తురు విరేచనాలు. పశువుల దవాఖానాలో డాక్టరు పార్వో అనే అంటురోగమని చెప్పి సెలైన్ పెట్టాడు. దాని తల నిమురుతూ మా అమ్మాయి అన్నం కూడా తినకుండా కూర్చుంది. సాయంత్రానికి కుక్కపిల్ల పోయింది.

"రోగం కుక్కను అమ్మిండా నాన్నా ఆయన?" అని వెక్కుతూ అడిగింది.

"అవ్, మోసం చేసిండు," అన్నాను. ఛీ, ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! మా ఆవిడ అతన్ని తిట్టిపోసింది. పక్కింటివాళ్ళు తిట్టారు. వాళ్ళతో కలిసి నేనూ తిట్టాను.

రెండేళ్ళ తర్వాత, మొన్న, అమ్మాయిని బండి మీద తీసుకుని ముదిగొండ మీదుగా వెళ్తుంటే అతను రోడ్డు పక్కన కనిపించాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యెత్తి ఆపాడు.

"సార్, ఆ పిల్ల బతికిందా?" అని అడిగాడు.

వెనక కూర్చున్న మా అమ్మాయి మొహం తిప్పుకుని, "ఆ మోసగానితో మాటలేంది నాన్నా, పోదాం పా," అంది, అతనికి వినపడేలాగానే. అతను నావైపు చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా బండి ముందుకు పోనిచ్చాను.