ఈలాయన పాటకి మిగతా సగం

వీధి మలుపులో రెండు కుర్చీల సెలూన్ నడిపే మనిషిని అందరూ ఈలాయన అనేవారు. కత్తెర చేతికొస్తే చాలు, ఈల దానంతటదే వచ్చేసేది. ఎప్పుడూ ఒకటే వరస, చిన్నప్పుడు అమ్మ జోకొడుతూ తీసిన కూనిరాగం. సగందాకా వేసి మళ్లీ మొదటికొచ్చేవాడు. ఆ పైది ఆయనకు రాదు.

ఒకరోజు కొత్త వంతెన పనికొచ్చిన పరదేశి వెల్డర్ ఒకడు లోపలికొచ్చాడు. మన భాష రాదు. ఎంత కత్తిరించాలో వేళ్లతో చూపించి కళ్లు మూసుకున్నాడు. ఈలాయన అలవాటు కొద్దీ ఈల వేసి, సగంలో ఆగాడు. కళ్లు తెరవకుండానే వెల్డర్ ఆ పై వరస అందుకున్నాడు.

కత్తెర గాల్లోనే నిలిచిపోయింది.

"ఏదీ, మళ్లీ అను!" అన్నాడు ఈలాయన.

మాట తెలియకపోయినా ఆత్రం తెలిసింది. వెల్డర్ మళ్లీ పాడి, ఒళ్లో బిడ్డను ఊపుతున్నట్టు చేతులు ఊపి చూపించాడు.

ఆ సాయంత్రం ఈలాయన కొట్టు కట్టేసి నేరుగా అక్క ఇంటికి వెళ్లి, వెల్డర్ సంగతంతా చెప్పాడు.

"అక్కా, అమ్మ జోలపాట చివర ఎలా ఉండేది?"

అక్క ఆలోచించి, పకపకా నవ్వేసింది. "చివరిదాకా మెలకువగా ఉన్నదెవర్రా మనింట్లో?"

ఆ సంగతి ఆయనకు ఇన్నేళ్లూ తట్టనేలేదు. "మరి ఆ పాట అమ్మకెక్కడిది? అతనిది సముద్రం అవతలి ఊరు."

"బట్టల మిల్లులో అమ్మ పక్కన ఎక్కడెక్కడివాళ్లో పనిచేసేవాళ్లు. వాళ్ల దగ్గర నేర్చుకుందో, తనే వాళ్లకి నేర్పిందో! అమ్మే లేదు, ఇంకెవర్నడుగుతాం?"

ఈలాయనకు మనసు ఊరుకోలేదు. ఆదివారం వెల్డర్‌ను అక్క ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు. అతను ఫోన్‌లో వాళ్ల నాయనమ్మను పిలిచాడు. తెర మీద బోసినోటి ముసలావిడ కనిపించింది. అక్క మొహమాటపడుతూనే రాగం తీసింది. వినగానే ముసలావిడ ఫోన్‌కి చెవి ఆనించింది. ఇక తెరంతా చెవే. అక్క ఆగిన చోట ఆవిడ మాటలతో సహా ఎత్తుకుంది. వెల్డర్‌కి తెలిసిన భాగం దాటిపోయి, ఇంకో మెలిక తిప్పి, మెల్లగా దించి ముగించింది. వెల్డర్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అతనూ నిద్రపోయిన బాపతే!

"ఆ మాటలకి అర్థమేమిటో అడుగు బాబూ," అంది అక్క, సైగలు చేస్తూ.

ముసలావిడ తల అడ్డంగా ఊపింది. చేతిని తన భుజం మీదుగా వెనక్కి, ఎక్కడో దూరానికి చూపించింది. ఆవిడకూ ఆ భాష తెలియదట.

"అయితే ఇంకా అవతల ఇంకెవరో ఉన్నారన్నమాట!" అన్నాడు ఈలాయన.

ఇప్పుడు ఆయన పాట మొత్తం వేస్తాడు. కొత్త ముఖం కుర్చీలో కూర్చుంటే కాస్త గట్టిగానే వేసి, అద్దంలో వాళ్ల పెదవులకేసి చూస్తుంటాడు.