లంక రేవులో ఓడ కెప్టెన్

మా అత్తవారి ఊరు గోదావరి మధ్యలో ఒక లంక. అవతలి గట్టుకు వెళ్లాలంటే పడవే దారి. మా రేవుకు వచ్చేవి అరటి గెలల పడవలు, కొబ్బరికాయల పడవలు. తొంభైల చివర్లో, వానలు బాగా పడుతున్న రోజుల్లో, అలాంటి రేవుకు ఒక ఓడ కెప్టెన్ వచ్చాడు. మా ఆయన పనిచేసేది ఆ ఓడలోనే.

నేను రేవులో బట్టలు జాడిస్తున్నాను. పడవలో తెల్ల యూనిఫారం వేసుకున్న మనిషి, పక్కన గుమాస్తాలా ఒకాయన. గుమాస్తా ఒళ్లో మా ఆయన నీలం సంచి. దాని పట్టీ తెగితే ఎర్రదారంతో కుట్టింది నేనే. సంచి ఉంది, మనిషి లేడు.

గుమాస్తా పడవ దిగి మా ఆయన పేరు చెప్పి, ఇల్లెక్కడని అడిగాడు. నా పక్కనే బట్టలు ఉతుకుతున్న మా తోడికోడలు నన్ను చూపించి, "ఈవిడే అండి, భార్య" అంది.

"కాకినాడ నుంచి వస్తున్నామండి. ఈయన కెప్టెన్ గారు. కంగారు పడకండమ్మా, ఇంటికెళ్లి మాట్లాడదాం."

కంగారు పడొద్దన్నాక, తడి బట్టలు అక్కడే వదిలేసి బయల్దేరాను. బురద దారిలో నేను ముందు, బూట్లు చేత్తో పట్టుకుని కెప్టెన్ వెనకాల. వెనక్కి తిరిగి అడిగేయొచ్చు. అడగలేకపోయాను. ఇల్లు ఇంకాస్త దూరంగా ఉంటే బాగుండుననిపించింది.

అరుగు మీదున్న అత్తయ్య సంచి చూసి లేచి నిలబడింది. "మావాడేడండీ?"

"ఓడ సింగపూర్‌లో ఉన్నప్పుడండి, తాళ్లు కడుతుంటే..." అని గుమాస్తా మొదలుపెట్టాడు.

"ఆ కథంతా తర్వాత. మావాడు ఉన్నాడా, లేడా?"

"ఉన్నాడండి! కాలు విరిగింది, అంతే. ఆసుపత్రిలో ఉన్నాడు."

అత్తయ్య కూలబడిపోయింది. నాకు నమ్మకం కలగలేదు. ఇంటర్ చదివిన నా ఇంగ్లీషంతా కూడదీసుకుని కెప్టెన్‌నే అడిగాను: "హజ్బెండ్... అలైవ్?"

ఆయన అవునని తలూపాడు. వంగి, ప్యాంటు పైకి మడిచి, మోకాలి కింద ఎక్కడ విరిగిందో తన కాలి మీద వేలితో గీసి చూపించాడు. అప్పుడు ఏడుపొచ్చింది.

ఓడ ఆగడానికి లేదు గనుక మా ఆయనను అక్కడే దించి, బియ్యం ఎక్కించుకోవడానికి కాకినాడ వచ్చారట. "టెలిగ్రాం ఇవ్వొద్దు సార్, మా అమ్మ గుండె ఆగిపోతుంది" అని మా ఆయన ఆసుపత్రిలో కెప్టెన్ చెయ్యి పట్టుకుని బతిమాలారట. గాలివానకి మా ఊరి ఫోను పనిచేయడం లేదు. అందుకని ఓడలో ఉండిపోయిన సంచి తీసుకుని కెప్టెన్ స్వయంగా బయల్దేరాడు. ఆ మంచితనమే మా ప్రాణాలు తోడేసిందని ఆయనకు చెప్పలేదు.

కొబ్బరి నీళ్లు తాగి, అత్తయ్యనీ నన్నూ తనతో రమ్మన్నాడు. కాకినాడలో ఓడ కంపెనీ ఏజెంటు ఆఫీసు నుంచి సింగపూర్ ఆసుపత్రికి ఫోను కలిపించాడు. దారి పొడుగునా అత్తయ్య, "నిజమేనంటావా?" అని అడుగుతూనే ఉంది. ఫోనులో కొడుకు గొంతు వినగానే, "అన్నం తిన్నావా?" అని మాత్రం అనగలిగి, రిసీవరు నాకిచ్చేసింది.

కొన్ని నెలలకు మా ఆయన చంక కర్రలతో ఇంటికి వచ్చారు. కాలు అతుక్కున్నాక, కాస్త కుంటుతూనే, మళ్లీ ఓడెక్కారు. అత్తయ్య అడ్డు చెప్పలేదు. నేను చెప్పాను, వినలేదు.