మూత లేని బిందె

మొన్న బొంగులూరు దగ్గర ఒక ఫంక్షన్ హాలు ముందు మా బస్సు ఆగిపోయింది. పెళ్లి ఊరేగింపు రోడ్డంతా ఆక్రమించుకుంది. కిటికీలోంచి జనరేటర్ పొగ, టపాకాయల మందు వాసన, నలిగిన బంతిపూల వాసన, వాటన్నిటి అడుగు నుంచి చెమట పట్టిన గుర్రం వాసన వచ్చాయి. వరుణ్ణి ఎక్కించుకున్న తెల్లగుర్రం కళ్లెం బిగబట్టి, ముందుకాళ్ల మీద బెత్తంతో కొడుతున్నారు. అది నోట నురగలు కక్కుతూ డీజే దెబ్బకు ఎగిరెగిరి పడుతోంది. పక్క సీటు అమ్మాయి వీడియో తీస్తూ "మస్తు పవర్ ఉన్నది ఆంటీ దానికి" అంది.

"గది పవర్ గాదు బిడ్డా, భయం" అన్నాను. డీజే హోరులో ఆ పిల్లకు వినబడలేదు.

ఆ వాసనకు నాకు మా తాత గుర్రం గౌరి గుర్తుకొచ్చింది. ఇబ్రహీంపట్నం పక్క పల్లె మాది. తెల్లవారకముందే నాయనమ్మ దాని కోసం ఉలవలు ఉడకబెట్టేది. ఆ కమ్మని ఆవిరి, పేడనీళ్లు చల్లిన వాకిలి వాసన, పొయ్యిలో కంది కట్టె చిటపటలు కలిస్తేనే మాకు తెల్లవారినట్టు. తాత భజన పెద్ద. ఏకాదశికీ శనివారానికీ చుట్టుపక్కల ఊళ్లకు భజనలు చెప్పడానికి గౌరి మీదే పోయేవాడు. బూడిద రంగు, జారిన పొట్ట, ఒక చెవి కొస తెగి ఉండేది. చూడముచ్చటైన గుర్రం కాదు. కానీ దాని పరుగు! నడకకు ఎక్కువ, దౌడుకు తక్కువ. మా దిక్కు ఆ మెత్తని పరుగును దుల్కి అనేవారు. వేపపూత రాలే ఎండాకాలం పొద్దుల్లో తాత ముందు కూర్చుని వేయించిన మక్కలు నేను నములుతుంటే, వెనుక ఆయన తత్వం పాడుతుంటే, ఆ గొంతు ఒక్కచోట కూడా అదిరేది కాదు.

"ఏంది తాతా, గుర్రమెక్కినవా, మంచమెక్కినవా?" అని కల్లు దుకాణం కాడి వాళ్లు ఎగతాళి చేసేవారు.

"మంచమే బిడ్డా. నువ్వు గూడ ఎక్కు, నిషా దిగుతది" అనేవాడు తాత.

ఇంటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని గౌరి నడుం మీద పెట్టేవాడు. వేడిగా, రాతిలా బిగిసి ఉండేది. "దౌడు తియ్యనీకి భయం చాలు. గిట్ల మెల్లగ, ఒక్క తీరుగ ఉరుకాల్నంటె తాకత్ ఉండాలె" అనేవాడు.

ఆ బలానికి మా ఊళ్లో ఏటా ఒక పరీక్ష ఉండేది. నరసింహస్వామి కల్యాణం నాడు అభిషేకం నీళ్లు పెద్ద చెరువు నుంచి గుర్రం మీదే రావాలి. ఇత్తడి బిందెకు మూత ఉండకూడదు, నీళ్ల మీద తులసాకు తేలుతుండాలి. రౌతు రెండు చేతులతో బిందెను ఒళ్లో పట్టుకుంటాడు కనుక కళ్లెం గుర్రం మెడ మీద వదులుగా పడి ఉంటుంది. అవతల స్వామి పీటల మీద ఎదురుచూస్తుంటాడు కనుక గుర్రం తాపీగా నడిచి రాకూడదు. దౌడు తీస్తే నీళ్లు ఒలుకుతాయి. ఒలికిన నీళ్లు స్వామివి కావని మాట. ఆ సేవా, దానికి గుడి నుంచి ఏటా కొలిచే గింజలూ మా తాతకు వాళ్ల తాత నుంచి వచ్చాయి.

నాకు పదేళ్లప్పుడు పటేలు కొడుకు నల్లగుర్రాన్ని తెచ్చాడు. నూనె రాసినట్టు మెరిసేది, నిలబడ్డచోట నిలవకుండా గిట్టలతో నేల తవ్వేది. "ముసల్దాన్ని ఇంటికాడ కట్టెయ్ తాతా. ఉరుక చాతగాకనే గట్ల నడుస్తది" అన్నాడు. ఈసారి రెండు గుర్రాలూ నీళ్లు తేవాలనీ, నెగ్గినదానికే ఇక మీదట సేవ అనీ పెద్దలు తీర్పు చెప్పారు. ఆ రాత్రి తాత నాయనమ్మతో "సేవ పోతె దాన్ని సాదలేం, అమ్మాల్సిందే" అనడం విన్నాను.

కల్యాణం నాడు పానకం, వడపప్పు వాసనల మధ్య డప్పులు మోగాయి. నల్లగుర్రం బెదిరి ముందుకాళ్లు లేపింది. చెరో పక్క ఒక మనిషి కళ్లెం పట్టుకుని వేలాడుతున్నాడు. పటేలు కొడుకు పట్టుబట్టలు తడిసిపోతున్నాయి. జనం మాత్రం ఈలలు వేశారు. దాని వెనుక, అవే డప్పుల మధ్య, గౌరి తన దుల్కిలో తాను వచ్చింది. నేను పక్కనే పరుగెత్తుతూ బిందెలోకే చూస్తున్నాను. తులసాకు నడిమధ్యన మెల్లగా తిరుగుతోంది, అంచు తాకలేదు.

గుడి మెట్ల దగ్గర పంతులు రెండు బిందెల్లోకీ తొంగిచూశాడు. ఒకటి సగం, ఒకటి నిండుగా. ఇంకేముంది, గెలిచామనుకున్నాను.

"జనం ఎటు జూసిన్రో సూసినవా? ఊరి ఇజ్జత్ నల్లగుర్రంతోనే" అన్నాడు పటేలు.

"మరి నీళ్లు?" అన్నాడు తాత.

"మూత వెడ్తం తియ్."

పెద్దలందరూ తలలూపారు. పంతులూ ఊపాడు. నాకు నేటికీ మండేది అందుకే. వాళ్లంతా మా తాత వెంట తాళాలు కొట్టినవాళ్లే. మనసుకు పగ్గం వేసినవాడే వీరుడని రాగం తీసి పాడినవాళ్లే. వాళ్ల కళ్ల ముందు నిగ్రహం నాలుగు కాళ్లతో నడిచి వస్తే ముసలితనం అన్నారు. భయం గెంతులు వేస్తే బలం అన్నారు. స్తంభం చీల్చిన స్వామి ప్రహ్లాదుని తల మీద చెయ్యి పెట్టి శాంతించాడు కదా, బలం తగ్గి శాంతించాడా? ఆ స్వామి గుడి మెట్ల మీదేనా ఈ మాట?

పంట కోతలు కాగానే హయత్‌నగర్ నుంచి వచ్చిన జట్కా మనిషి గౌరిని కొనుక్కుపోయాడు. నాయనమ్మ ఉలవల్లో బెల్లం కలిపి పెట్టింది. ఆ మనిషి అదిలించాడు, గౌరి మాత్రం తన దుల్కిలోనే పోయింది. తర్వాత తాత భజనలకు నడిచే వెళ్లాడు.

ఆ పొలాలు ఇప్పుడు ప్లాట్లయ్యాయి. కల్యాణానికి నీళ్లు డీసీఎం వ్యాన్ మీద వస్తున్నాయి, ముందర కిరాయి గుర్రం బెత్తం దెబ్బలకు ఎగురుతుంటుంది. ఈ ఏడు నేను వ్యాన్‌కు అడ్డం నిలబడి, బిందె మూత తియ్యమన్నాను.

"అమ్మో, తియ్యొద్దు పెద్దమ్మా! మూత వెట్టుడు మన తాతల కాలం సంది ఆచారం" అన్నాడు కమిటీ కుర్రవాడు, ఎంతో భక్తిగా.

ఎర్రగుడ్డ కట్టిన ఆ మూతకు కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. జనం దానికి దండాలు పెడుతున్నారు. లోపల నీళ్లు ఎన్ని ఉన్నాయో చూడాలని ఒక్కరికీ తోచలేదు.