లాభం, రెండు, మూడు

మా ఊరి బడిలో నల్లబల్ల ఉన్నచోట ఇప్పుడు వేలితో ముట్టుకుంటే వెలిగే తెర ఉంది. తలుపు తీయగానే కొత్త ప్లాస్టిక్ వాసన. తెలంగాణ వచ్చాక కట్టిన ఆ గదిలోకి మొన్న వెళ్లి, అలవాటు చొప్పున, లేనివన్నీ లెక్కపెట్టాను: నల్లబల్ల ఒకటి, పలకల పెట్టెలు రెండు, కిటికీ బయటి చింతచెట్లు మూడు, మానిక, తవ్వ, సోల, గిద్ద అని కొలత పాత్రలు నాలుగు. మొత్తం పది. మనుషులను ఇందులో కలపలేదు.

మా చిన్నప్పుడు అక్కడ రేకుల కొట్టం ఉండేది. బతుకమ్మ సెలవులై బడి తెరిచిన రోజు నలభై మందిమీ జేబుల్లో, ఒడుల్లో మలీద ముద్దలు తెచ్చుకుంటే కమ్ముకునే బెల్లం వాసన, చలి ముదిరేకొద్దీ కళ్లాల్లో ఎండే ఆముదపు కాయల ఘాటు, మధ్యాహ్నాలు చింతగింజలతో ఆడే పచ్చీసు గొడవ, అన్నీ కలిసి ఆ రేకుల కిందే తిరిగేవి.

ఆ కొట్టంలోకి లెక్కల సారు ఒకనాడు భువనగిరి నుంచి అరచేతిలో పట్టే క్యాలిక్యులేటర్ తెచ్చారు. పెట్టెలో దాచుకోలేదు. రోజుకొకరు సారు కావాలని, నోటితో లెక్క చెప్పాలని, ఇంకొకరు మిషన్ ఒత్తి సరిచూడాలని, తాను కిటికీ దగ్గర కూర్చుని వింటానని చెప్పారు. తోటి సార్లు నవ్వారు. మేం మాత్రం వంతుల కోసం కొట్టుకున్నాం.

నేనప్పుడు ఐదులో ఉన్నాను. అది కాగానే నన్ను మాన్పించి కలుపుకు పంపాలని నాయిన అనుకున్నాడు.

"మిషనే లెక్క చేసినంక నా బిడ్డకు బడెందుకు సారూ?" అని అడిగాడు.

"నీ ఆముదాల బస్తా పట్టుకొని రా ఎంకటయ్యా. నీ బిడ్డే కొలుస్తది. చూసినంకనే మాన్పియ్యి," అన్నారు సారు.

మర్నాడు నాయిన బస్తా మోసుకొచ్చి, గోడవారన గొంతుక్కూర్చున్నాడు. ఆ రోజు సారును నేను. మిషన్ దగ్గర పోస్ట్‌మ్యాన్ కొడుకు యాదగిరి. మా వైపు గింజలు కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. అట్లా మొదలుపెడితే ఇంట్లో గింజ నిలుస్తుందని నమ్మకం. అవ్వ నేర్పినట్టే "లాభం, రెండు, మూడు" అంటూ నేను కొలిచి పోస్తుంటే, యాదగిరి మానికకొకటి చొప్పున కలుపుతూ పోయాడు. బస్తా ఖాళీ అయ్యేసరికి నా నోట ఇరవై ఆరు. మిషన్ మీద ఇరవై ఐదు.

పిల్లలు గొల్లుమన్నారు. నాయిన లేచి తువ్వాల దులిపాడు.

"మిషన్ అబద్ధమాడదంటరు గద సారూ. ఇగ కలుపుకే పోనీయుండ్రి."

సారు అడ్డుపడలేదు. "ఇయ్యాల సారు నువ్వు గదా, నువ్వే తేల్చు," అన్నారు నాతో.

అంకెలను వదిలి, యాదగిరి వేలు ఎప్పుడు కదిలిందో మొదటి నుంచి తలచుకున్నాను.

"లాభం అన్నప్పుడు ఒత్తినవా రా?"

"లాభం బటన్ గీడ యాడుందే? నేను ఎతుకుతాంటెనే నువ్వు రెండు అంటివి!"

ఆముదాలన్నీ మళ్లీ బస్తాకెత్తించి, లాభం అనగానే ఒకటి ఒత్తమని చెప్పి, రెండోసారి కొలిచాను. నోటా, మిషన్ మీదా ఇరవై ఆరే. మన ఇంటి మాట మిషన్‌కు తెలియదని, తెలిసినవాళ్లే దానికి చెప్పాలని ఆ పూట క్లాసుకు చెప్పింది నేనే.

నాయిన మిషన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "పోరి మిషనుకే పాఠం చెప్పె," అని నవ్వి, సారు అడగకముందే, "పది దాకా సదివిస్త సారూ," అన్నాడు.

ఏడు దాకా చదివించాడు. ఎనిమిదిలో చేరాల్సిన సంవత్సరం వాన ముఖం చాటేసింది. నాయిన వెంట రాళ్లు మోయడానికి పోయాను. భిన్నాలు, శాతాలు పాత పుస్తకాలు తిరగేసి నేనే నేర్చుకున్నాను, ఇవాళ పత్తి తూకాల దగ్గర నా నోటి లెక్కను కాదన్నవాళ్లు లేరు. ఆముదపు చేలన్నీ పత్తి చేలయ్యాయి. సారు లేరు. నాయినా లేడు; దవాఖానలో ఆఖరి రోజున, "నీకెన్ని క్లాసులు బాకీ పడ్డ బిడ్డా?" అని అడిగితే, "ఫికర్ చెయ్యకు నాయినా," అన్నానే గాని సున్న అనలేకపోయాను.

మొన్న వస్తూ వస్తూ ఓపెన్ స్కూలు దరఖాస్తు తెచ్చుకున్నాను. చదివిన తరగతి అన్నచోట ఏడు అని రాశాను. రావాల్సినవి ఇంకా మూడు.