ఆకుపచ్చగా మెరిసే కణాలు

నానక్‌రామ్‌గూడ వెళ్లే షేర్ ఆటోలో ఇరుక్కున్నప్పుడు నా నోరు ఊరుకోదు. ఆ రోజు కూడా ట్రాఫిక్ కదలక, ఫ్లైఓవర్ మీద వాననీళ్లలో నేను మొసలిని పట్టిన వైనం చెబుతున్నాను. డ్రైవర్ నవ్వి, "జర తగ్గించు సార్, ఆటో మోయలేకున్నది" అన్నాడు. నా పక్కన కూర్చున్న అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"అంకుల్, మీ కథలల్ల పోయేటోళ్లు బతుకుతరా?" అంది.

ఏమైందమ్మా అన్నాను.

"మా తమ్మునికి ఆఫీసుల గుండె ఆగింది. మళ్ల కొట్టుకుంటున్నది గని, నడుమ మెదడుకు ఆక్సిజన్ అందలే. దవాఖానకే పోతున్న. నేను ల్యాబుల చేసే పని గదే. మెదడు కణాలకు ఆక్సిజన్ తగ్గిస్తం. కాల్షియం చానెళ్లని ఉంటయి, తలుపులసొంటివి. అవి తెరుచుకొని ఇగ మూసుకోవు. కాల్షియం లోపల నిండి కణం సస్తది. నిండేది కనబడాలని రంగు కలుపుతం, ఆకుపచ్చగ మెరుస్తది. మొదటిసారి మెరిసినప్పుడు చప్పట్లు కొట్టినం అంకుల్. ఇప్పుడు కండ్లు మూస్తే వాని తలల అదే మెరుస్తున్నది."

మా మేనమామ జీడిమెట్లలో బావిలో పడి పూటంతా నీళ్లలోనే ఉన్నాడనీ, పైకి తీయగానే కళ్లు తెరిచి చాయ్ అడిగాడనీ చెప్పాను. నాకు మేనమామలే లేరు.

అలా జరగదని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా నా చొక్కా చెయ్యి పట్టుకుని, "అందర్ని గుర్తువట్టిండా?" అని అడిగింది.

"పేరుపేరునా పిలిచాడమ్మా" అన్నాను.

ఆమె ఆస్పత్రి ముందు దిగిపోయింది. ఆ తరువాత చాలా కోతలు కోశాను. ఆ మేనమామను మాత్రం మళ్లీ నీళ్లలో దించలేదు.