సత్యానందం మాస్టారి ఒకే ఒక్క మాట

2022 వానాకాలం. అమలాపురంలో నేను స్పీచ్ థెరపిస్టుగా పనిచేయడం మొదలుపెట్టి అప్పటికి చాలా ఏళ్ళయింది. మాటలు ఆలస్యమైన పిల్లలు, నత్తితో బాధపడే కాలేజీ కుర్రాళ్ళు, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దలు, ఎక్కువగా వీళ్ళే వస్తారు నా దగ్గరికి. చుట్టుపక్కల నన్ను ‘మాటల డాక్టరమ్మ’ అంటారు. నేను డాక్టర్ని కాదని చెప్పీ చెప్పీ ఊరుకున్నాను.

మా వైపు ఈ వృత్తిలో పెద్ద చిక్కు జనం మర్యాద. ఇంటి దగ్గర రోజూ ఈ అభ్యాసాలు చేయించండి అంటే కాదనే మనిషి ఉండడు. “ఆయ్, అలాగేనండి, తప్పకుండా చేయిస్తామండి” అంటారు. మళ్ళీ వచ్చినప్పుడు పేషెంటు నోరు తెరిస్తే తెలిసిపోతుంది, ఎవరూ ఏమీ చేయించలేదని. అందుకని ‘ఆయ్’ని పూర్తిగా నమ్మకూడదని తొందరగానే నేర్చుకున్నాను. ‘వద్దు’ని కూడా తొందరపడి నమ్మకూడదని నేర్పింది మాత్రం సత్యానందం మాస్టారు.

ఆయనది రాజోలు దగ్గర ఒక పల్లె. ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఊరి క్రైస్తవ మందిరంలో సండే స్కూలు పిల్లలకి పాఠాలు చెప్పడం ఆయన రెండో ఉద్యోగం, అది మాత్రం రిటైరు కాలేదు. భార్య సుగుణమ్మ గారు, కూతురు జ్యోతి చెరోవైపు పట్టుకుని ఆయన్ని ఆటోలోంచి దింపారు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. కుడిచెయ్యి వేలాడుతోంది. ఎడమచేతిలో కర్ర.

పక్షవాతంతో ఆయనకి వచ్చింది బ్రోకాస్ అఫేజియా. అంటే ఎదుటివాళ్ళు అన్నది చాలావరకు అర్థమవుతుంది, తాను అనుకున్నది మాత్రం నోటికి రాదు. ఇలాంటివాళ్ళలో కొందరికి ఒకే ఒక్క మాట మిగులుతుంది. ఏం చెప్పబోయినా అదే వస్తుంది. రికరింగ్ అటరెన్స్ అంటాం దాన్ని. ఒకావిడకి ‘సోమవారం’ ఒక్కటే మిగలడం చూశాను. మాస్టారికి మిగిలిన మాట ‘వద్దు’.

“కాఫీ తాగుతారా మాస్టారూ?” అన్నాను.

“వద్దు” అని గ్లాసందుకుని, ఊదుకుంటూ మొత్తం తాగేశారు.

“మీ పేరు సత్యానందమేనా?”

“వద్దు.”

“ఈవిడ మీ భార్యేనా?”

“వద్దు, వద్దు!”

సుగుణమ్మ గారు చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేశారు. “విన్నారాండీ? ఇద్దరం ముసలాళ్ళమైపోయేక ఇప్పుడు చెప్తున్నారు వద్దని!” మాస్టారికి కూడా నవ్వొచ్చింది. మూతి ఒకవైపే కదిలింది కానీ కళ్ళు రెండూ నవ్వాయి.

జ్యోతి మాత్రం నవ్వలేదు.

తల్లి ఆయన్ని ఆటో ఎక్కిస్తుంటే ఆ అమ్మాయి వెనక్కి వచ్చింది. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది, ముప్ఫైకి దగ్గర్లో ఉంటుంది.

“మేడమ్ గారూ, నాన్నగారు వద్దంటే దానికి అర్థం లేనట్టేనాండీ?”

“ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ మాటని పట్టుకుని ఆయన మనసులో ఏముందో చెప్పలేం” అన్నాను.

బల్ల అంచు పట్టుకుంది. తర్వాత చెప్పింది. తనతో పనిచేసే శ్రీనివాస్‌ని పెళ్ళి చేసుకోవాలనుకుంది. వాళ్ళు అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే హిందువులు. వాళ్ళింట్లో ఒప్పుకున్నారు. ఎండాకాలంలో ఒకరోజు భోజనాల దగ్గర తండ్రికి చెప్పింది. ఆయన “వద్దు” అని, చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఆ తర్వాత కొన్ని వారాలకి స్నానాల గదిలో పడిపోయారు.

“అంటే ఆ మాట నోరు బావున్నప్పుడే అన్నారండి. హాస్పిటల్లో మళ్ళీ అడిగేను, వద్దన్నారు. ఇంటికొచ్చేక పెదనాన్నగారు అడిగేరు, వద్దన్నారు. ‘మా తమ్ముడు వద్దన్నాడు కదా, ఇంకా దేనికి అడగడం’ అని పెదనాన్నగారు తేల్చేసేరు. శ్రీనివాస్‌కి ఈ నెలాఖర్లో చెప్పేద్దామనుకుంటున్నానండి, ఇంకెక్కడైనా చూసుకోమని.”

పెళ్ళిళ్ళు కుదర్చడం నా పని కాదు. కానీ పేషెంటు ఏమనుకుంటున్నాడో కనుక్కోవడం నా పనే. కొన్నాళ్ళు ఆగమన్నాను. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాను: “చివరికి ఆయన అసలు జవాబు కూడా వద్దే కావచ్చమ్మా.”

“నాన్నగారి మాటైతే వింటానండి” అంది జ్యోతి. “జబ్బు మాట ఎందుకు వినాలి?”

ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. మర్నాటినుంచి పనిలో పడ్డాను. ముందు తలూపడం ప్రయత్నించాం. అఫేజియాలో తల ఊపు కూడా నమ్మదగింది కాదు. అవునన్నా కాదన్నా ఆయన తల ఒకేలా ఊగింది. తర్వాత కమ్యూనికేషన్ బోర్డు, అంటే బొమ్మలున్న అట్ట, ముందు పెట్టాను. కావలసిన బొమ్మని వేలితో చూపిస్తే చాలు. మాస్టారు దాన్ని ఒకసారి చూసి, మడిచి, నా చేతికిచ్చేశారు. బడిలో తాను ఒకటో తరగతి పిల్లల ముందు పెట్టిన బొమ్మల్లాంటివే ఇప్పుడు తన ముందు పెడితే ఆయనకి చిన్నతనంగా అనిపించినట్టుంది.

వానలకి రోడ్డు పాడై ఆటోలు రానప్పుడు నేనే వాళ్ళ ఊరు వెళ్ళాను. వరండాలో ఒక పొడుగు బల్ల, ముందు గేటున్న చిన్న వాకిలి, వాకిట్లో కొబ్బరిచెట్టు. మాటల్లో మాటగా సండే స్కూలు గురించి అడిగాను.

“ఈయన బైబిల్లో ఉపమాన కథలు చెప్పేవారు కాదండి, ఆడించేవారు” అన్నారు సుగుణమ్మ గారు. “విత్తనాలు చల్లినోడి ఉపమానమైతే పిల్లల్నందర్నీ గట్టు మీదకి తోలుకుపోయేవారు. తప్పిపోయిన గొర్రె కథొస్తే, గొర్రెలమందలు మన పిల్లలెక్కడ చూసేరని, బాతుని చేసేసేవారు. పాస్టరు గారు ఏమంటారోనని నాకు భయం. ఆయనా నవ్వి ఊరుకునేవారు. చివర్న నీతేంటని అడిగితే పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు కదండి? అది ఈయనకి గిట్టదు. నోటితో చెప్పొద్దు, ఎవరు చేసింది బావుందో వెళ్ళి ఆళ్ళ పక్కన నిలబడండి అనేవారు.”

టీ గ్లాసు కింద పెట్టేశాను. వెళ్ళి పక్కన నిలబడటం! నోటితో, తలతో, బొమ్మతో పనిలేని జవాబు అది. ఎన్నో ఏళ్ళుగా ఆయన ఒంటికి అలవాటైన జవాబు కూడా.

“మాస్టారూ, నాకూ ఒక ఉపమానం ఆడించి చూపిస్తారా?” అన్నాను. ఆయన కర్ర వెతుక్కున్నారు.

సుగుణమ్మ గారు ఇద్దరు కొడుకుల ఉపమానం అందుకున్నారు. ద్రాక్షతోటని మాస్టారు ఏనాడో కొబ్బరితోటగా మార్చేశారట. ఒక తండ్రి పెద్దకొడుకుని పిలిచి, వెళ్ళి తోటలో పనిచెయ్యమంటాడు. వాడు వెళ్ళనంటాడు. తర్వాత మనసు మార్చుకుని వెళ్తాడు. రెండోవాడిని పిలిచి అదే చెబుతాడు. వాడు ఎంతో వినయంగా వెళ్తానంటాడు, వెళ్ళడు. ఇద్దరిలో తండ్రి ఇష్టం నెరవేర్చింది ఎవరు?

నేను తండ్రిని. సుగుణమ్మ గారు పెద్దకొడుకు, జ్యోతి చిన్నకొడుకు.

“బాబూ, తోటలోకి వెళ్ళి పనిచెయ్యి” అన్నాను సుగుణమ్మ గారితో.

“ఆయ్, వెళ్తానండి” అనేశారావిడ.

“వద్దు! వద్దు!” మాస్టారు కర్రతో నేల మీద కొట్టి, లేచి వచ్చి, భార్య భుజం పట్టుకుని మళ్ళీ మొదటి చోట నిలబెట్టారు. హెడ్మాస్టరు గారి కోపం అలా ఉండేదన్నమాట! జ్యోతి ఆ రోజు మొదటిసారి నవ్వింది. రెండోసారి సుగుణమ్మ గారు సరిగ్గా “నేనెళ్ళను” అని మూతి తిప్పి, తర్వాత వాకిట్లోకి దిగి కొబ్బరిచెట్టు కింద నిలబడ్డారు. జ్యోతి “ఆయ్ నాన్నగారూ” అని చేతులు కట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయింది.

“చెప్పండి మాస్టారూ. తండ్రి ఇష్టం నెరవేర్చింది ఎవరు?”

“వద్దు” అన్నారాయన. అంటూనే మెట్టు దిగి, చెట్టు కిందకి నడిచి, భార్య పక్కన నిటారుగా నిలబడ్డారు.

అదే మా భాష అయింది. అవునైతే సుగుణమ్మ గారి పక్కకి, కాదంటే గేటు దగ్గరికి. ముందు జవాబు తెలిసిన ప్రశ్నలే అడిగాను. మీరు హెడ్మాస్టరుగా చేశారా? భార్య పక్కకి. పోస్టుమాస్టరుగా చేశారా? నావైపు చిరాగ్గా చూస్తూ గేటు దగ్గరికి. ప్రతి ప్రశ్నా తిరగేసి కూడా అడిగాను. చన్నీళ్ళు ఇష్టమా అని ఒకసారి, చన్నీళ్ళంటే పడదా అని ఒకసారి. ఇది మా వృత్తిలో నియమం. రెండువైపుల నుంచి అడిగినా జవాబు నిలబడితేనే అది పేషెంటు జవాబు. మాట మాత్రం ప్రతిసారీ వద్దే. కాళ్ళు ఒక్కసారీ తప్పలేదు.

అప్పుడు మాస్టారి అన్నయ్య దేవసహాయం గారిని పిలిపించమన్నాను. ఆయన వచ్చారు, కానీ కూర్చోలేదు.

“మా తమ్ముడి నోట్లో మాట పడిపోయిందని, ఆడు అంతకుముందు అన్న మాటని కూడా పడేస్తారామ్మా?” అన్నారు. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది.

“పడెయ్యకూడదనేనండి మిమ్మల్ని రమ్మన్నాను. మీరే అడగండి. ఆయన మనసు మీకంటే బాగా ఎవరికి తెలుసు?”

ఆయన తమ్ముడి ఎదురుగా నిలబడ్డారు. సుగుణమ్మ గారు చెట్టు కింద ఉన్నారు, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నారు. జ్యోతి వరండా స్తంభాన్ని పట్టుకుంది.

“ఒరే ఆనందం, జ్యోతిని ఆ అంబాజీపేట అబ్బాయికి ఇవ్వడం నీకిష్టమేనా?”

“వద్దు” అన్నారు మాస్టారు గట్టిగా. మళ్ళీ “వద్దు” అన్నారు. జ్యోతి తల దించుకుంది. కర్ర టకటకమంటూ మెట్టు దిగింది. గేటుకి, చెట్టుకి మధ్యలో ఆయన ఒక్క క్షణం ఆగారు, కుడికాలు తడినేల మీద జారితే సర్దుకోవడానికి. తర్వాత చెట్టు కిందకి వెళ్ళి భార్య పక్కన నిలబడ్డారు.

నియమం ప్రకారం ప్రశ్న తిరగేసి అడగమని దేవసహాయం గారికి సైగ చేశాను.

“అయితే... ఈ సంబంధం మానేద్దామా?”

“వద్దు!” మాస్టారు గేటు దాకా నడిచి, గేటు కమ్మీ పట్టుకుని మావైపు తిరిగారు. ఈసారి మాటా నడకా ఒకటయ్యాయి.

దేవసహాయం గారు బల్ల మీద కూలబడి కండువాతో మొహం తుడుచుకున్నారు. “చిన్నప్పుడూ ఇంతేనండి ఈడు. కోతలకి కూలికి రారా అని మా నాన్న పిలిస్తే రానని మంచం కోడు పట్టుకునేవాడు. నేను చేలోకి ఎళ్ళేసరికి నాకంటే ముందుండేవాడు” అన్నారు. తర్వాత జ్యోతిని పిలిచి, తల మీద చెయ్యి వేసి, “ఆ అబ్బాయిని ఆదివారం భోజనానికి రమ్మనమ్మా” అన్నారు.

పెళ్ళి మరుసటి ఏడాది జరిగింది. నేనూ వెళ్ళాను. భోజనాల దగ్గర శ్రీనివాస్ విస్తట్లో మాస్టారు ఎడమచేత్తో బూరెలు వడ్డిస్తూ, “వద్దు, వద్దు” అంటూ ఇంకా ఇంకా వేస్తుంటే, వద్దనాల్సిన కుర్రాడు నోరు మూసుకుని తిన్నాడు.

థెరపీ మానలేదు. మెలొడిక్ ఇంటొనేషన్ థెరపీ అని ఒకటుంది, మాటని రాగంలో పెట్టి బయటికి రప్పించడం. ఆయనకి కంఠతా వచ్చిన క్రైస్తవ కీర్తనల వరసలు పనికొచ్చాయి. మెల్లగా మాటలు తిరిగొచ్చాయి, ఒక్కొక్కటే. అలా వస్తున్న రోజుల్లో ఒకసారి, జ్యోతి కూడా ఉండగా, చాలాకాలంగా మనసులో ఉన్నది అడిగాను.

“మాస్టారూ, నోరు బాగున్నప్పుడు వద్దన్నారు కదా. మరి మనసు ఎప్పుడు మారింది? హాస్పిటల్లోనా?”

ఆయన కాదన్నట్టు చెయ్యి ఊపారు. కళ్ళు మూసుకుని మాటల కోసం వెతుక్కున్నారు. నేను అందించలేదు, ఆగాను.

“వద్దన్న... రోజే.”

జ్యోతి కుర్చీలోంచి లేచింది. “ఆ రోజేనా నాన్నగారూ? మరి అన్ని రోజులూ నాతో ఎందుకు చెప్పలేదండీ?”

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. తల వంచుకుని, చిన్నపిల్లాడిలా, ఒకే మాట అన్నారు.

“సిగ్గు.”

జ్యోతి ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుని, ఏడుస్తూ నవ్వుతూ, ఆ కుడిచేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. నేను పక్కగదిలోకి వెళ్ళి కాసేపు కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడ్డాను.

ఆ ఉపమానంలో పెద్దకొడుకు మనసు మార్చుకుని వెళ్ళాడని చెబుతారు. ఆ మధ్యలో వాడు ఏ గట్టు మీద కూర్చుని ఎంత మథనపడ్డాడో, తిరిగి తండ్రి మొహం చూడటానికి ఎంత సిగ్గుపడ్డాడో చెప్పరు. నా ఉద్యోగమంతా ఆ మధ్యలోనే ఉందని మాస్టారి దగ్గరే తెలిసింది. ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా మొదటిసారి అన్నదాన్ని ఆఖరి జవాబుగా తీసుకోను. ఇంకోలా అడుగుతాను, తిరగేసి అడుగుతాను, వెతుక్కోవడానికి సమయమిస్తాను. ఇంటికి వెళ్ళాక, మాట పడిపోని నా వాళ్ళతో కూడా అలాగే ఉండటం నేర్చుకుంటున్నాను. ఒకసారి వద్దన్నవాళ్ళని రెండోసారి అడగడంలో నా పరువేం పోదు. వాళ్ళకి మాత్రం, తిరిగి రావడానికి ఒక తోవ దొరుకుతుంది.